మీట నొక్కే చెయ్యి ఎవరిది? రేడియాలజీ టెక్నాలజిస్టుల పని, వారి లైసెన్సు

ఛాతీ ఎక్స్‌రేలో కిరణాలు వెలువడేది సెకనులో ఏ వందో వంతో. గదిలోకి పిలిచారు, పలకకు ఆనుకుని నిలబడమన్నారు, ఊపిరి బిగబట్టమన్నారు, మీట నొక్కారు, బయటికి పంపారు. చూసేవారికి పని అంతే అనిపిస్తుంది. కానీ ఎక్స్‌రే మంచిదో కాదో తేలేది అంతకు ముందు గడిచిన రెండు మూడు నిమిషాల్లోనే.

రోగి ఛాతీ బొమ్మ పడే పలకకు ఆని ఉండాలి, వీపు యంత్రం వైపు ఉండాలి. గుండె శరీరంలో ముందువైపుకు ఉంటుంది కాబట్టి ఇలా నిలబెడితే పలకకు దగ్గరవుతుంది, దాని నీడ దాదాపు అసలు పరిమాణంలోనే పడుతుంది. అటుతిప్పి ఇటు నిలబెడితే నీడ పెద్దదై, లేని గుండె వాపు ఉన్నట్టు కనబడుతుంది. ఎక్స్‌రే గొట్టాన్ని సుమారు 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టడమూ ఇందుకే. చేతులు నడుముకు ఆనించి మోచేతులు ముందుకు తోయిస్తారు. దాంతో భుజం రెక్కల ఎముకలు ఊపిరితిత్తుల మీదినుంచి పక్కకు తప్పుకుంటాయి. గడ్డం పైకెత్తిస్తారు, మెడలో గొలుసు తీయిస్తారు. ‘గాలి బాగా పీల్చండి, అలాగే ఆపండి’ అన్న మాట కూడా లెక్కలోదే. బాగా పీల్చారో లేదో బొమ్మలో వెనుకవైపు పక్కటెముకలు లెక్కపెట్టి చెప్పవచ్చు. డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర) పైన పది కనిపిస్తే సరిపోయినట్టు. ఏడెనిమిది దగ్గరే ఆగిపోతే ఊపిరితిత్తుల అడుగు భాగం ముడుచుకుని, న్యుమోనియాను తలపించే మసక కనిపిస్తుంది. ఆ మసకను చూసి ఎవరో మందులు రాస్తారు, లేదా మరో పరీక్ష రాస్తారు.

పరీక్ష రాసిన డాక్టరు చీటీ మీద ‘ఛాతీ ఎక్స్‌రే’ అని రాసి ఊరుకుంటారు. బొమ్మ చదివే రేడియాలజిస్టు వేరే గదిలో, ఒక్కోసారి వేరే ఊళ్ళో ఉంటారు. ఈ ఇద్దరి మధ్య, ఎంత రేడియేషన్, శరీరంలో ఎంత భాగం మీద, ఎన్నిసార్లు అన్న మూడు ప్రశ్నలకు ఆ క్షణంలో జవాబు తేల్చే మనిషి ఒక్కరే. ఆ మనిషిని అమెరికాలో రేడియోలాజిక్ టెక్నాలజిస్టు అంటారు, బ్రిటన్‌లో రేడియోగ్రాఫర్ అంటారు, చాలాచోట్ల జనం ఇప్పటికీ టెక్నీషియన్ అనే అంటారు. రేడియాలజిస్టు వైద్యవిద్య చదివిన డాక్టరు. టెక్నాలజిస్టు బొమ్మ తీయడంలో శిక్షణ పొందిన నిపుణుడు లేదా నిపుణురాలు. పేర్లు దగ్గరగా ఉండడంతో రోగులు ఈ ఇద్దరినీ ఒకరనుకుంటారు. అందుకే బొమ్మ తీస్తున్న చెయ్యికి ఏ అర్హత ఉందని అడగాలన్న ఆలోచనే చాలామందికి రాదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే. అమెరికాలో ఈ ప్రశ్నకు దొరుకుతున్న జవాబు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంది.

ముందు చేతిలోని పనిని ఇంకాస్త దగ్గరగా చూడాలి. యంత్రం మీద టెక్నాలజిస్టు తేల్చే అంకెలు ప్రధానంగా రెండు. ఒకటి కేవీపీ, అంటే గొట్టంలో వోల్టేజి. కిరణం ఎంత లోతుకు చొచ్చుకుపోతుందన్నది దీని చేతిలో ఉంటుంది. రెండోది ఎంఏఎస్, అంటే విద్యుత్ ప్రవాహాన్ని సమయంతో గుణించగా వచ్చేది. ఎన్ని కిరణాలు వెలువడతాయన్నది దీని చేతిలో ఉంటుంది. ఎంఏఎస్ రెట్టింపైతే రోగికి అందే మోతాదూ రెట్టింపవుతుంది. కేవీపీని 15 శాతం పెంచితే, ఎంఏఎస్ రెట్టింపు చేసినంత ప్రభావం పలక మీద కనిపిస్తుంది. విద్యార్థులు మొదటి ఏడాదిలోనే కంఠస్థం చేసే సూత్రమిది. కేవీపీ కాస్త పెంచి ఎంఏఎస్ సగానికి తగ్గిస్తే రోగి మీద భారం తగ్గుతుంది, కాకపోతే నలుపు తెలుపుల తేడా కొంత మందగిస్తుంది. ఎముకలో సన్నని చీలిక వెతికే బొమ్మకూ ఊపిరితిత్తుల బొమ్మకూ ఒకే బేరం కుదరదు. లావుపాటి మనిషికీ బక్కపలచని మనిషికీ, పసిబిడ్డకూ ముసలివారికీ కుదరదు. మూడో సంగతి కిరణాలు పడే కిటికీ కొలత, అంటే కాలిమేషన్. మణికట్టు కోసం తీస్తూ మోచేతి దాకా తెరిచి ఉంచితే అవసరం లేని చోట రేడియేషన్ పడుతుంది. పైగా శరీరంలో చెదిరిన కిరణాలు పెరిగి బొమ్మే పాడవుతుంది. రోగికి మేలు చేసేదీ బొమ్మకు మేలు చేసేదీ ఒకటే కావడం ఈ పనిలో కలిసొచ్చే విషయం.

ఫిల్మ్ ఉన్న రోజుల్లో ఒక కాపలా ఉండేది. మోతాదు ఎక్కువైతే ఫిల్మ్ నల్లగా మాడిపోయేది. తక్కువైతే తెల్లగా తేలిపోయేది. తప్పు డార్క్‌రూమ్ నుంచి బయటికి రాగానే అందరి కళ్ళకూ కనబడేది. డిజిటల్ పలకలు వచ్చాక ఆ కాపలా పోయింది. మోతాదు తక్కువైతే బొమ్మ ఇసుక చల్లినట్టు గరుకుగా కనిపిస్తుంది, రేడియాలజిస్టు ఫిర్యాదు చేస్తారు. రెండింతలో మూడింతలో ఎక్కువైతే? కంప్యూటరు వెలుగును సర్దేస్తుంది, బొమ్మ నున్నగా, అందంగా వస్తుంది. ఎవరూ ఏమీ అనరు. దాంతో మోతాదు పెంచుకుంటూ పోవడం చాపకింద నీరులా అలవాటవుతుంది. ఈ రంగంలోవారు దీనికి ‘డోస్ క్రీప్’ అని పేరే పెట్టుకున్నారు. తప్పు ఇప్పుడు బొమ్మలో కనబడదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ఒక అంకెలో కనబడుతుంది. దాన్ని డీవియేషన్ ఇండెక్స్ అంటారు. అది 0 అయితే అనుకున్నంత మోతాదే పడింది, +3 అయితే దాదాపు రెట్టింపు, −3 అయితే దాదాపు సగం. ఆ అంకె చూసే అలవాటు, దాని అర్థం తెలిసిన చదువు, చూశాక తర్వాతి రోగికి సెట్టింగు సవరించుకునే మనస్సాక్షి, మూడూ ఉంటేనే రోగికి రక్షణ. యంత్రాలు తెలివిమీరాయి కాబట్టి ఇప్పుడు ఎవరైనా తీయవచ్చు అనే మాట వినబడుతుంటుంది. నిజం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది. తప్పును యంత్రమే దాచిపెడుతున్నప్పుడు మనిషికి మరింత చదువు కావాలి.

ఈ పని ఎంత ప్రమాదకరమో మొదట తెలిసింది ఈ పని చేసినవాళ్ళ ఒంటి మీదే. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనిపెట్టాడు. డిసెంబరు 22న భార్య చేతి ఎముకల బొమ్మ తీశాడు. ఏడాది తిరగకముందే ఆసుపత్రుల్లో, ఫొటో స్టూడియోల్లో, సంతల్లో కూడా ఎక్స్‌రే గొట్టాలు వెలిశాయి. గొట్టం సరిగా పనిచేస్తోందో లేదో చూడడానికి సొంత చేతినే అడ్డం పెట్టి చూసుకునేవారు. ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేతులు కాల్చుకున్నాడు. రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది, 1904లో కన్నుమూశాడు. డాలీ గతి చూసి ఎడిసన్ ఎక్స్‌రేల జోలి మానుకున్నాడు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అనే మహిళ సొంతంగా ఎక్స్‌రే ప్రయోగశాల నడిపింది. స్పెయిన్‌తో యుద్ధంలో గాయపడిన సైనికుల ఒంట్లో తూటాలు ఎక్కడున్నాయో కచ్చితంగా చూపించి పేరు తెచ్చుకుంది. ఆమె కూడా చెయ్యి పోగొట్టుకుని 1905లో మరణించింది. 1936లో హాంబర్గ్‌లోని ఒక ఆసుపత్రి ఆవరణలో రేడియేషన్‌కు బలైన వైద్యుల, శాస్త్రవేత్తల, సహాయకుల స్మారకం నిలబెట్టారు. ఆవిష్కరణ నాటికి దాని మీద 169 పేర్లున్నాయి. తర్వాత ఆ సంఖ్య పెరుగుతూ పోయింది.

ఈ నేపథ్యంలోనే అర్హతల మాట మొదలైంది. 1920లో ఎడ్ జెర్మన్ చొరవతో షికాగోలో టెక్నీషియన్ల సంఘం ఏర్పడింది. 1922లో, డాక్టర్ల సంఘాల అండతో, నేటి అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ రేడియోలాజిక్ టెక్నాలజిస్ట్స్ పుట్టింది. ఈ రంగంలో అందరూ ఏఆర్ఆర్‌టీ అని పిలిచేది దీన్నే. మొట్టమొదటి సర్టిఫికెట్ అందుకున్నది సిస్టర్ బియాట్రిస్ మెరిగన్ అనే క్రైస్తవ సన్యాసిని. ప్రభుత్వం ఇంకా అడగకముందే, ఎవరూ బలవంతపెట్టకుండానే, పని చేసేవాళ్ళు తమకు తాము పరీక్ష పెట్టుకున్నారు. వృత్తి గౌరవం మీద ప్రేమ ఉన్నవాళ్ళు వేసిన అడుగు అది. దాని లోటు కూడా అక్కడే ఉంది. స్వచ్ఛందం అంటే, వద్దనుకున్నవాళ్ళకు వర్తించనిది.

రిజిస్ట్రీ సర్టిఫికెట్టు, లైసెన్సు, ఈ రెంటి తేడా తెలియకపోతే అమెరికా పద్ధతి అర్థం కాదు. ఏఆర్ఆర్‌టీ ప్రైవేటు సంస్థ. ‘ఈ వ్యక్తికి పని వచ్చు’ అని అది దేశమంతటికీ చెబుతుంది. లైసెన్సు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. ‘ఈ వ్యక్తి తప్ప మరొకరు ఈ పని చేయరాదు’ అని అది చెబుతుంది. మొదటిది యోగ్యతాపత్రం, రెండోది అనుమతి. మొదటిది లేకపోతే కొన్ని ఉద్యోగాలు దొరకవు. రెండోది లేకుండా మీట నొక్కితే చట్ట ఉల్లంఘన. చాలా రాష్ట్రాలు సొంతంగా పరీక్ష పెట్టుకోవు, ఏఆర్ఆర్‌టీ పరీక్ష మార్కులనే తీసుకుని లైసెన్సు ఇస్తాయి. అందుకే చాలామంది దృష్టిలో రెండూ ఒకటైపోయాయి. రెండింటికీ విడివిడిగా రుసుము కట్టాలి, విడివిడిగా పునరుద్ధరించుకోవాలి. ఒకటి చెల్లుతున్నా రెండోదాని గడువు దాటిపోతే ఉద్యోగం చిక్కుల్లో పడుతుంది.

1960ల మధ్యలో న్యూయార్క్ రాష్ట్రం ముందుగా లైసెన్సు చట్టం తెచ్చింది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటివి ఆ వరసలో వచ్చాయి. ఫెడరల్ ప్రభుత్వం 1968లో రేడియేషన్ నియంత్రణ చట్టం చేసి, 1974 నుంచి వైద్య ఎక్స్‌రే యంత్రాల తయారీకి దేశమంతటా ఒకే ప్రమాణాలు అమలు చేసింది. గొట్టం నుంచి కిరణం ఎంత లీకు కావచ్చో, కిటికీ పలక కొలతకు ఎంత సరిపోవాలో చట్టమే చెప్పింది. మరి ఆ యంత్రం ముందు నిలబడే మనిషి మాట? దానికోసం 1981లో ఇంకో చట్టం వచ్చింది. చదువు ఎలా ఉండాలి, అర్హత ఎలా తేల్చాలి అన్న కనీస ప్రమాణాలు రాసి, ‘రాష్ట్రాలు వీటిని పాటిస్తే బాగుంటుంది’ అన్న దగ్గర ఆగిపోయింది. పాటించని రాష్ట్రానికి శిక్ష లేదు, నిధుల కోత లేదు. ఇలా యంత్రానికి ఆజ్ఞ దక్కింది, మనిషికి సలహా మిగిలింది. కొన్ని రాష్ట్రాలు ఆ సలహాను పూర్తిగా పాటించాయి, కొన్ని సగం పాటించాయి, కొన్ని పక్కన పెట్టేశాయి. రాష్ట్రాలన్నిటి చేతా కనీస అర్హతలు పాటింపజేసేందుకు 2000 తర్వాత పలుమార్లు అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ ముందుకు బిల్లు వచ్చింది. చట్టంగా మాత్రం మారలేదు.

లైసెన్సు ఏ కార్యాలయం ఇస్తుందో చూస్తే, ఆ రాష్ట్రం ఈ పనిని ఏ కంటితో చూస్తోందో తెలుస్తుంది. టెక్సస్‌లో ఇది మెడికల్ బోర్డు నీడలో ఉంది. న్యూజెర్సీలో పర్యావరణ పరిరక్షణ శాఖ చేతిలో ఉంది. కాలిఫోర్నియాలో ప్రజారోగ్య శాఖలోని రేడియేషన్ విభాగం చూస్తుంది. ఆరెగన్‌లో ఈ వృత్తికే ప్రత్యేకంగా ఒక బోర్డు ఉంది. రేడియేషన్‌ను కాలుష్యంగా చూసే కార్యాలయానికీ, బొమ్మ తీయడాన్ని వైద్యంగా చూసే కార్యాలయానికీ చట్టం పరిధి ఒకేలా కనబడదు. ఎమ్మారై, అల్ట్రాసౌండ్ విషయంలో ఈ తేడా తేటతెల్లమవుతుంది. వీటిలో ఎక్స్ కిరణాల వంటి అయనీకరణ రేడియేషన్ ఉండదు కాబట్టి చాలా రాష్ట్రాల లైసెన్సు చట్టాలు వీటిని ముట్టుకోనే లేదు. ఆరెగన్ మాత్రం వీటికీ లైసెన్సు అడుగుతుంది.

ఎమ్మారైలో ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. ఆ యంత్రంలోని శక్తిమంతమైన అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది, గదిలో ఎవరూ లేకపోయినా, లైట్లు ఆర్పేసినా. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ళ బాబుకు ఎమ్మారై తీస్తుండగా, గదిలోకి తెచ్చిన ఉక్కు ఆక్సిజన్ సిలిండరును అయస్కాంతం లాగేసింది. అది తలకు తగిలి ఆ బిడ్డ చనిపోయాడు. మర్నాటి ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ భద్రతా మార్గదర్శకాలు ప్రకటించింది. ఎమ్మారై ఆవరణను నాలుగు మండలాలుగా విడగొట్టి, శిక్షణ పొందినవారు వెంట లేకుండా చివరి రెండింటిలోకి ఎవరూ అడుగుపెట్టరాదంది. ఆ తలుపు దగ్గర కాపలా కాసేది టెక్నాలజిస్టే. పేస్‌మేకరు ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా, మెదడులో క్లిప్పు వేశారా అని ఒకటికి రెండుసార్లు అడిగేది వారే. ఈ ప్రశ్నలు విసుగు పుట్టించినా జవాబు చెప్పాల్సిందే. లైసెన్సు చట్టం కిరణాన్ని మాత్రమే చూసి ఈ తలుపును వదిలేయడం పెద్ద లోటు.

ఫెడరల్ ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో మామోగ్రఫీ, అంటే రొమ్ము ఎక్స్‌రే, చూపించింది. 1992లో మామోగ్రఫీ నాణ్యతా ప్రమాణాల చట్టం వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలో పట్టుకోవాల్సిన బొమ్మలు ఒక్కోచోట ఒక్కోలా వస్తుండడం దానికి కారణం. ఆ చట్టం ప్రకారం మామోగ్రామ్ తీసే టెక్నాలజిస్టుకు రాష్ట్ర లైసెన్సో, గుర్తింపు పొందిన సర్టిఫికెట్టో ఉండాలి. దాని మీద 40 గంటల ప్రత్యేక శిక్షణ పొందాలి, పర్యవేక్షణలో 25 పరీక్షలు చేయాలి. ఆ తర్వాత కూడా ప్రతి 24 నెలల్లో కనీసం 200 పరీక్షలు చేస్తూ చెయ్యి అలవాటు తప్పకుండా చూసుకోవాలి, ప్రతి 36 నెలల్లో 15 యూనిట్ల చదువు చూపించాలి. ఇది ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. ఇక 2008లో చేసిన మరో చట్టం, 2012 జనవరి నుంచి, ఆసుపత్రుల బయట సీటీ స్కాన్, ఎమ్మారై, న్యూక్లియర్ మెడిసిన్ (ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కించి బొమ్మ తీసే) పరీక్షలు చేసే కేంద్రాలకు మెడికేర్ (ప్రధానంగా పెద్ద వయసువారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు అందాలంటే గుర్తింపు తప్పనిసరి చేసింది. ఆ గుర్తింపులో సిబ్బంది అర్హతలు కూడా చూస్తారు. మామూలు ఎక్స్‌రే ఇందులోకి రాలేదు. అన్నిటికన్నా ఎక్కువమందికి, ఎక్కువసార్లు తీసేది మామూలు ఎక్స్‌రేనే. అదే చట్టం కంటికి ఆనలేదు.

లైసెన్సు ఉంటే అన్నీ సవ్యంగా జరుగుతాయా? అలా అనడం నిజాయితీ కాదు. కాలిఫోర్నియాలో లైసెన్సు నిబంధనలు గట్టివి. 2008లో ఆ రాష్ట్రంలోని ఒక చిన్న ఆసుపత్రిలో, మంచం మీదినుంచి పడ్డ పసివాడికి మెడ సీటీ తీశారు. కొద్ది నిమిషాల్లో ముగియాల్సిన పరీక్ష గంటకు పైగా సాగింది. ఒకే చోట 151 సార్లు స్కాన్ మీట నొక్కారు. బిడ్డ ముఖం మీద ఎర్రటి పట్టీ తేలింది. మీట నొక్కిన చేతికి లైసెన్సు ఉంది. విచారణ జరిపి రాష్ట్రం ఆ లైసెన్సును రద్దు చేసింది. మరుసటి ఏడాది లాస్ ఏంజెలస్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇంకో సంగతి బయటపడింది. పక్షవాతం అనుమానంతో వచ్చినవారికి చేసే మెదడు సీటీలో, యంత్రం సెట్టింగు మార్చినప్పుడు జరిగిన పొరపాటు వల్ల మోతాదు ఎనిమిది రెట్లు పడింది. పద్దెనిమిది నెలలపాటు అలాగే సాగింది, 206 మంది దాని బారిన పడ్డారు. ఒక రోగి తన జుట్టు పట్టీలా రాలిపోతోందని చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. 0.5 గ్రే (ఒంట్లో చేరిన రేడియేషన్‌కు కొలమానం) దాటకూడని చోట 3 నుంచి 4 గ్రేలు పడ్డాయి.

ఈ రెండూ లైసెన్సు వల్ల ప్రయోజనం లేదని చెప్పే ఉదాహరణలుగా చూపిస్తుంటారు. జాగ్రత్తగా చూస్తే అలా లేదు. మొదటి సందర్భంలో బాధ్యత ఎవరిదో తేల్చి, ఆ వ్యక్తి మళ్ళీ ఆ రాష్ట్రంలో మీట ముట్టకుండా ఆపే దారి రాష్ట్రం చేతిలో ఉంది. లైసెన్సు లేని చోట అదే వ్యక్తి ఉద్యోగం పోగొట్టుకుని పక్క వీధి క్లినిక్‌లో చేరినా అడ్డుకునేవారుండరు. రెండో సందర్భంలో లోపం ఒక్క చేతిది కాదు. స్క్రీన్ మీద మోతాదు అంకె ప్రతిసారీ కనబడుతూనే ఉంది, అది ఎంత ఉండాలో తెలిసిన కన్ను మాత్రం దాని మీద నిలవలేదు. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, 2012 నుంచి ప్రతి సీటీ మోతాదునూ రికార్డు చేయాలని, అది రోగి రిపోర్టులో ఉండాలని ఆదేశించింది. చెయ్యి మీద లైసెన్సు, యంత్రం మీద తనిఖీ, రెండూ కలిస్తేనే కంచె పూర్తవుతుంది.

ఆ కన్ను ఎలా తయారవుతుంది? ఏఆర్ఆర్‌టీ అడిగేవి మూడు: చదువు, నడవడిక, పరీక్ష. 2015 నుంచి కనీసం అసోసియేట్ డిగ్రీ (అమెరికాలో రెండేళ్ళ కాలేజీ డిగ్రీ) ఉండాలి. గుర్తింపు పొందిన కోర్సులో క్లాసులతో పాటు ఆసుపత్రిలో పని నేర్చుకోవాలి. రేడియోగ్రఫీకి 2022లో వచ్చిన జాబితా ప్రకారం 36 రకాల పరీక్షలు తప్పనిసరిగా, మరో 15 ఎంచుకుని, పర్యవేక్షకుల ముందు చేసి చూపించాలి. నడవడిక అంటే తూతూమంత్రంగా పెట్టే సంతకం కాదు. నేర శిక్షలుంటే చెప్పాలి, చెప్పకుండా దాస్తే అదే పెద్ద తప్పవుతుంది. రాత పరీక్షలో 200 ప్రశ్నలకు మార్కులు లెక్కిస్తారు. రోగి సంరక్షణ, భద్రత, బొమ్మ తయారీ, పరీక్షా విధానాలు అన్నవి నాలుగు భాగాలు. పాసవడానికి స్కేలు మీద 75 రావాలి. మూడేళ్ళలో మూడు అవకాశాలే. అవి అయిపోతే మళ్ళీ చదువు దగ్గరికి వెళ్ళాల్సిందే. పాసైనవారు పేరు పక్కన ఆర్‌టీ అని, బ్రాకెట్లో ‘ఆర్’ అని రాసుకుంటారు. సీటీ, ఎమ్మారై, మామోగ్రఫీ నేర్చుకున్నకొద్దీ ఆ అక్షరాలు పెరుగుతాయి. క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స ఇచ్చేవారికి, న్యూక్లియర్ మెడిసిన్‌లో పనిచేసేవారికి వేరే దారి, వేరే పరీక్ష ఉన్నాయి.

పాసయ్యాక చదువు ఆగదు. రెండేళ్ళకోసారి 24 క్రెడిట్ల చదువు చూపించాలి. 2011 నుంచి సర్టిఫికెట్ పొందినవారు పదేళ్ళకోసారి తమ పరిజ్ఞానాన్ని మళ్ళీ అంచనా వేయించుకోవాలి. ఇది అనవసర భారమనేవారు వృత్తిలోనే ఉన్నారు. వాళ్ళకు ఒక్క ఉదాహరణ చాలు. కటి భాగం ఎక్స్‌రే తీసేటప్పుడు జననాంగాల మీద సీసపు రేకు కప్పడం దశాబ్దాల ఆచారం. తరతరాల విద్యార్థులు అది కప్పకపోతే మార్కులు పోగొట్టుకున్నారు. 2019లో అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం ఆ అలవాటు మానాలంది. 2021లో రేడియేషన్ రక్షణ జాతీయ మండలి కూడా అదే చెప్పింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆధునిక యంత్రాల్లో మోతాదు బాగా తగ్గింది, వారసత్వ హాని భయం అనుకున్నంత లేదని తేలింది. పైగా రేకు జరిగి చూడాల్సిన ఎముకను దాచేస్తే బొమ్మ మళ్ళీ తీయాలి. యంత్రంలోని ఆటోమేటిక్ సెన్సారు మీదికి జరిగితే, కిరణాలు చాలడం లేదనుకుని యంత్రం మోతాదు పెంచేస్తుంది. రక్షణ కోసం పెట్టిన రేకే హాని పెంచుతుంది. ఇరవై ఏళ్ళ క్రితం నేర్చుకున్నదాన్ని శ్రద్ధగా పాటించే మనిషి కూడా ఇక్కడ తప్పు చేస్తారు. ‘మా అమ్మాయికి రేకు కప్పలేదేం?’ అని అడిగే తల్లికి ఓపిగ్గా చెప్పగలగడం కూడా ఇప్పుడు ఈ పనిలో భాగమైంది.

లైసెన్సును వ్యతిరేకించేవారి వాదన కొట్టిపారేయదగ్గది కాదు. జనం తక్కువగా ఉన్న ప్రాంతంలో, ఒకే డాక్టరున్న క్లినిక్‌లో, రోజుకు నాలుగైదు ఎక్స్‌రేల కోసం పూర్తి అర్హత ఉన్న టెక్నాలజిస్టు దొరకడం కష్టం. దొరక్కపోతే విరిగిన చెయ్యితో రోగి గంటల తరబడి ప్రయాణం చేయాలి. అందుకే పలు రాష్ట్రాలు పరిమిత లైసెన్సు పెట్టాయి. ఛాతీ, చేతులు, కాళ్ళు, వెన్ను వంటి కొన్ని భాగాల వరకే, తక్కువ శిక్షణతో తీయవచ్చు. సీటీ ముట్టరాదు, ఫ్లోరోస్కోపీ (ఎక్స్‌రేతో కదిలే బొమ్మ చూసే పరీక్ష) చేయరాదు. కాలిఫోర్నియాలో అయితే పూర్తి అర్హత ఉన్నవారు కూడా ఫ్లోరోస్కోపీకి వేరే పర్మిట్ తీసుకోవాలి. ఆ పరీక్షలో కిరణం ఆగకుండా పడుతుంది, చర్మం కాలిన సంఘటనలున్నాయి కాబట్టి ఆ జాగ్రత్త సబబే. పరిమిత లైసెన్సు కొరతకు ఇచ్చిన అర్థవంతమైన జవాబు. ఏ అర్హతా అడగకపోవడం మాత్రం జవాబు కాదు. పది మంది వచ్చే క్లినిక్‌లోనూ పసిబిడ్డలు వస్తారు, గర్భవతులు వస్తారు.

బిడ్డ కడుపులో ఉన్న టెక్నాలజిస్టు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అమెరికా నిబంధనల్లో, రేడియేషన్ దగ్గర పనిచేసేవారికి ఏడాదికి 50 మిల్లీసీవర్టులు (ఒంటి మీద రేడియేషన్ ప్రభావానికి కొలమానం) పరిమితి. రేడియేషన్ రక్షణ అంతర్జాతీయ సంస్థ ఐసీఆర్‌పీ సూచించేది ఇంకా తక్కువ, అయిదేళ్ళ సగటున ఏడాదికి 20. గర్భిణి అయితే, ఆ విషయం తాను రాతపూర్వకంగా తెలియజేస్తే, కడుపులోని బిడ్డకు నెలలు నిండేదాకా మొత్తం 5 మిల్లీసీవర్టులు దాటరాదు. చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. యాజమాన్యం బలవంతపెట్టకూడదు. కాలర్‌కు తగిలించుకునే చిన్న బ్యాడ్జీ ఒంటి మీద పడే మోతాదు లెక్క పట్టి చూపుతుంది. మామూలు రోజుల్లో ఆ అంకె చాలా తక్కువే ఉంటుంది. అందుకు పెద్ద కారణం దూరం. రెండింతలు దూరం జరిగితే కిరణం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్లో సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే కదిలే యంత్రం) నడిపేటప్పుడు అనుభవజ్ఞులు కిరణం వెలువడేముందు ఒక్క అడుగు వెనక్కి వేయడం కనిపిస్తుంది. అలవాటుగా వేసే ఆ అడుగు వెనక 1904 నాటి కాలిన చేతులున్నాయి.

బయటికి కనబడని భాగం ఇంకొకటి ఉంది. తుంటి విరిగిన పెద్దావిడను స్ట్రెచర్ మీద తెచ్చినప్పుడు, పక్కనుంచి బొమ్మ కావాలి. నొప్పి ఉన్న కాలు కదల్చకూడదు. అప్పుడు బాగున్న కాలును పైకెత్తి దన్ను పెట్టి, పలకను నడుము పక్కన నిలువుగా నిలిపి, తొడ ఎముక మెడకు సమాంతరంగా వంపి, కిరణాన్ని కాళ్ళ మధ్యనుంచి అడ్డంగా పంపుతారు. పలక సమాంతరంగా లేకపోతే విరిగిన చోటు కురచగా కనబడుతుంది. కుడి ఎడమల సీసపు గుర్తు బొమ్మలో పడేలా అక్కడే పెట్టాలి. తర్వాత కంప్యూటరులో చేర్చవచ్చులే అనుకున్న రోజున ఏదో ఒక పొరపాటు ఆపరేషన్ బల్ల దాకా వెళుతుంది. ఇదంతా ఆవిడ చెయ్యి పట్టుకుని, ‘ఇంకొక్క నిమిషం, కదలకండి’ అని చెబుతూ చేయాలి. మళ్ళీ తీయాల్సిన అవసరం లేకుండా మొదటిసారే సరిగా రావాలి. ఏ పరీక్షలోనూ ఈ నైపుణ్యానికి పూర్తి మార్కులు వేయలేరు. దీన్ని నేర్పే చదువు ఉందో లేదో మాత్రం లైసెన్సు అడిగి తెలుసుకోగలదు.

ఏఆర్ఆర్‌టీ జాబితాలో 3 లక్షలకు పైగా పేర్లున్నాయి. ఏ రాష్ట్రంలోనైనా, లైసెన్సు చట్టం ఉన్నా లేకపోయినా, ఒక పేరు ఆ జాబితాలో ఉందో లేదో సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. లైసెన్సు ఇచ్చే చాలా రాష్ట్రాలూ అదే వీలు కల్పించాయి. ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర నిలబడి, ‘మీకు రిజిస్ట్రీ ఉందా, ఏ విభాగంలో?’ అని మర్యాదగా అడిగితే, చదివి పరీక్ష రాసి వచ్చిన టెక్నాలజిస్టు తడుముకోకుండా చెబుతారు, బ్యాడ్జీ మీది అక్షరాలు చూపిస్తారు.